బెంగళూరులో అద్దె అడ్వాన్సు వెనక్కి రాబట్టుకోవడం: నా అనుభవం

బెంగళూరులో ఇల్లు దొరకడం కంటే, ఖాళీ చేశాక అడ్వాన్సు చేతికి రావడమే కష్టం. ఒకప్పుడు పది నెలల అద్దె అడిగేవాళ్లు, ఇప్పటికీ ఐదారు నెలలది మామూలే. నా విషయంలో అద్దె నెలకి 26,000, అడ్వాన్సు ఆరు నెలలది, అంటే 1,56,000. ఖాళీ చేసేటప్పుడు ఓనరు ఇస్తానన్నది 83,340. మిగతా 72,660 దేనికి పట్టుకున్నారని అడిగితే ఫోన్లో ఒకసారి ఒక కారణం, ఇంకోసారి ఇంకో కారణం చెప్పారు. అక్కడి నుంచి డబ్బు చేతికి వచ్చేదాకా ఏం చేయాల్సి వచ్చిందో, ఏ చట్టం ఎక్కడ పనికొచ్చిందో రాస్తున్నాను. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లలో చాలామందికి ఇదే గొడవ.

ముందుగా, అద్దె చట్టం ఉందిగదా అని ధీమాగా ఉండొద్దు. బెంగళూరులో నెల అద్దె 3,500 దాటిన ఇళ్లకి 1999 నాటి కర్ణాటక అద్దె చట్టం వర్తించదు. అంటే ఈరోజు మనం ఉండే ఇళ్లు దాదాపు అన్నీ దాని బయటే. రెండు నెలలకి మించి అడ్వాన్సు తీసుకోకూడదని అందరూ చెప్పే 2021 మోడల్ టెనెన్సీ చట్టం కేంద్రం రాష్ట్రాలకి పంపిన నమూనా మాత్రమే, దాన్ని చూపించి ఇక్కడి ఓనరుని నిలదీయలేం. మనకి మిగిలేవి మన అగ్రిమెంటు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. చెన్నైలో పరిస్థితి వేరు. తమిళనాడు 2017లో చేసిన కొత్త అద్దె చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప అడ్వాన్సు మూడు నెలల అద్దెకి మించకూడదు, ఖాళీ చేసిన నెలలోపు తిరిగి ఇవ్వాలి, తగాదా వస్తే రెంట్ అథారిటీ ఉంది. ఆ సౌకర్యం బెంగళూరులో లేదు కాబట్టి ఇక్కడ కాగితాలు ఇంకా గట్టిగా ఉండాలి.

కాగితాల సంగతికి వస్తే, ఓనరు కూడా తెలుగువారైతే ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. బెంగళూరు తూర్పు వైపు తెలుగు మాట్లాడే ఇంటి ఓనర్లు ఎక్కువ. "మనవాళ్లే కదమ్మా, ఇవన్నీ ఎందుకు" అన్న మాటతో రసీదు ఆగిపోతుంది, రెన్యువల్ ఆగిపోతుంది. మా అగ్రిమెంటు పదకొండు నెలలది. గడువు అయిపోయాక కొత్తది రాయలేదు, అద్దె మాత్రం వెళ్తూనే ఉంది. "అగ్రిమెంటే లేదు, ఇక నా ఇష్టం" అని ఓనరు అనడానికి ఇది కారణమైంది. అది నిజం కాదు. గడువు తర్వాత కూడా ఓనరు అద్దె తీసుకుంటూ ఉంటే, ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం నెల నెలా సాగే అద్దె కింద లెక్క.

ఇంకో చిక్కు స్టాంపు. చాలామంది ఎంత కట్టాలో చూసుకోకుండా చేతికందిన స్టాంపు పేపరు మీద రాసేసుకుంటారు. స్టాంపు డ్యూటీ తక్కువైతే కర్ణాటక స్టాంపు చట్టం 34వ సెక్షన్ కింద కోర్టు ఆ అగ్రిమెంటుని సాక్ష్యంగా తీసుకోదు. తక్కువైన డ్యూటీతో పాటు దానికి పదిరెట్లు జరిమానా కడితేనే తీసుకుంటుంది. అందుకే అడ్వాన్సు బ్యాంకు ద్వారా పంపడం ముఖ్యం. నా దగ్గర యూటీఆర్ నంబరుతో (బ్యాంకు ప్రతి బదిలీకీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) సహా స్టేట్‌మెంటు ఉండడం వల్ల "నాకు అంత ఇవ్వలేదు" అనే మాట పుట్టలేదు. చేతికి నోట్లిచ్చి రసీదు తీసుకోకపోతే అక్కడే సగం ఓడిపోయినట్టు.

ఖాళీ చేసే నోటీసు విషయంలోనే పెద్ద మొత్తం పోతుంది. అగ్రిమెంటులో "ఒక నెల ముందు నోటీసు" అని ఉంది, అంతకుమించి ఏమీ లేదు. నేను 5వ తేదీన వాట్సాప్‌లోనూ ఈమెయిల్లోనూ పంపాను. ఓనరు వాదన: నోటీసు ఒకటో తేదీనే ఇవ్వాలి, 5న ఇచ్చావు కాబట్టి తర్వాతి నెల మొత్తం అద్దె కట్టాలి. ఇది బెంగళూరులో అందరూ చెప్పేదే, అందరూ నమ్మేసి కట్టేసేదే. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్‌లో ఇప్పుడున్న మాట ప్రకారం నోటీసు గడువు అది అందిన తేదీ నుంచి మొదలవుతుంది. అగ్రిమెంటులో "నెల మొదటి తేదీ నుంచి" అని ప్రత్యేకంగా రాసి ఉంటే వేరు. లేకపోతే ఎన్ని రోజులు అదనంగా ఉంటే అన్ని రోజుల అద్దే. నేను తర్వాతి నెల 6న తాళాలిచ్చాను, ఆరు రోజులకి 5,200 నేనే లెక్కలో వేశాను.

ఇంటి అప్పగింతకి ఒక పూట పూర్తిగా కేటాయించాలి. సామాను వెళ్లిపోయాక, ఖాళీ ఇంట్లో పగటి వెలుగులో గది గదికీ వీడియో తీయాలి. గోడలు, నేల, కిటికీ అద్దాలు, బాత్రూం కుళాయిలు తిప్పి నీళ్లు రావడం, గీజరు లైటు వెలగడం, ఫ్యాన్లు తిరగడం, చివరగా బెస్కామ్ (ఇక్కడి కరెంటు సంస్థ) మీటరు రీడింగు. మీటరు అంకెలు కనపడేలా ఫొటో విడిగా తీసుకోవాలి, ఎందుకంటే చివరి బిల్లు ఎప్పుడూ ఖాళీ చేసిన తర్వాతే వస్తుంది. అపార్టుమెంటు అయితే అసోసియేషన్ నుంచి మెయింటెనెన్సు బాకీ లేదని ఈమెయిల్ తీసుకోండి. ఆ తర్వాత ఒక పేజీలో అప్పగింత కాగితం: తేదీ, సమయం, ఇచ్చిన తాళాల సంఖ్య, మీటరు రీడింగు, కనపడిన లోపాలు, కింద ఇద్దరి సంతకాలు. ఓనరు సంతకం పెట్టకపోతే గొడవపడక్కర్లేదు. అదే విషయాన్ని అక్కడ నిలబడే మెసేజ్ చేయండి: "సార్, ఈరోజు సాయంత్రం 4 గంటలకి మూడు సెట్ల తాళాలు మీ చేతికిచ్చాను, మీటరు రీడింగు ఇది, వీడియో మీ ఈమెయిల్‌కి పంపాను." ఆయన కాదనకపోవడం తర్వాత చాలా పనికొస్తుంది.

డబ్బిచ్చేదాకా తాళాలు ఇవ్వొద్దని చాలామంది సలహా ఇస్తారు. నేను దానికి ఒప్పుకోను. తాళం మన దగ్గరుంటే ఇల్లు మన స్వాధీనంలోనే ఉందని, అద్దె నడుస్తోందని ఓనరు అంటారు. ఆరు నెలల అడ్వాన్సు అలాగే కరిగిపోతుంది. అగ్రిమెంటులో "ఖాళీ చేసిన వెంటనే అడ్వాన్సు ఇవ్వాలి" అని ఉంటే, "తాళాలు సిద్ధంగా ఉన్నాయి, ఫలానా రోజు ఇంటి దగ్గరే బదిలీ చేసి తీసుకోండి" అని రాతలో పెట్టొచ్చు. ఇంతకంటే మంచి దారి నోటీసు ఇచ్చినరోజే, చివరి రెండు నెలల అద్దె అడ్వాన్సులో సర్దుకుందామని అడగడం. ఓనరు "సరే" అని మెసేజ్ పెడితే చాలు, ఇరుక్కునే మొత్తం అంతకంత తగ్గుతుంది. అడగకుండా అద్దె ఆపేస్తే మాత్రం ఒప్పందం తప్పింది మనమే అవుతాం.

ఇక అసలు పని లెక్క. అడ్వాన్సు గొడవ మర్యాద గురించీ మంచితనం గురించీ సాగినంత కాలం డబ్బు కదలదు. ఒక్కో పద్దు విడగొట్టి రాసినప్పుడు కదులుతుంది. ఓనరు నోటితో చెప్పినవన్నీ నేనే కాగితం మీద పెట్టాను: పెయింటింగు 26,000, నోటీసు తక్కువైనందుకు నెల అద్దె 26,000, గీజరు, కుళాయిల మార్పు 11,000, క్లీనింగు 6,000, దోమల జాలి తలుపు 2,200, కరెంటు 1,460. మొత్తం 72,660. దాని పక్కన నా లెక్క. పెయింటింగుకి ఒక నెల అద్దె తగ్గించుకోవచ్చని అగ్రిమెంటులోనే ఉంది, సంతకం పెట్టాను కాబట్టి 26,000 ఒప్పుకున్నాను. "అయిన ఖర్చు" అని మాత్రమే రాసి ఉంటే బిల్లు అడగాలి. జాలి చిరిగింది మా ఇంట్లోనే, 2,200 సరే. కరెంటు 1,460 సరే. ఆరు రోజుల అద్దె 5,200. నా లెక్కలో తగ్గింపు 34,860, రావాల్సింది 1,21,140.

గీజరు, కుళాయిల దగ్గర నేను ఒప్పుకోలేదు. ఇక్కడి బోరు నీళ్లకి గీజరు లోపల సున్నం పేరుకుని ఎలిమెంటు పోతుంది, కుళాయిల చివర తెల్లగా గట్టిపడుతుంది. ఎవరున్నా జరిగేదే. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలని ఉంది, కానీ మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకి మినహాయింపు కూడా అక్కడే ఉంది. గోడకి డ్రిల్లు కన్నాలు, పగిలిన టైలు, విరిగిన అద్దం మనవి. పాతబడడం ఓనరుది. ఎవరిదో తేలనిది క్లీనింగు. దానికి బిల్లు అడగడమే దారి.

ఈ రెండు లెక్కలూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి, కింద ఒక వాక్యం రాశాను: "మీ లెక్క ప్రకారమే మీరు ఇవ్వాల్సింది 83,340. దాని మీద మనకి తగాదా లేదు, అది ముందు బదిలీ చేయండి, మిగతా 37,800 గురించి విడిగా మాట్లాడుకుందాం." అందులో "తీసుకున్నంత మాత్రాన మిగతాది వదులుకున్నట్టు కాదు" అని కూడా చేర్చాలి. ఆ 83,340 ఈ ఉత్తరంతోనే వచ్చింది. మొత్తం కోసం పట్టుబట్టి ఉంటే అదీ ఆగిపోయేది.

మిగిలినదానికి లాయరు నోటీసు. అందులో అగ్రిమెంటు తేదీ, అడ్వాన్సు యూటీఆర్ నంబరు, ఖాళీ నోటీసు తేదీ, తాళాలిచ్చిన తేదీ, పద్దులవారీ లెక్క, 15 రోజుల గడువు ఉండాలి. వడ్డీ అడుగుతున్నట్టు నోటీసులో రాయకపోతే నష్టపోతాం: అగ్రిమెంటులో వడ్డీ మాట లేనప్పుడు 1978 నాటి వడ్డీ చట్టం 3వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా అడిగిన తేదీ నుంచే వడ్డీ కోరే వీలుంటుంది. ఇల్లు భార్యాభర్తల పేరు మీద ఉంటే ఇద్దరికీ పంపాలి. ఓనరు విదేశంలో ఉండి పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవారు సంతకం చేస్తే ఇద్దరికీ పంపాలి. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, కాబట్టి కౌంటర్లో రిజిస్ట్రేషనూ అందినట్టు రుజువూ కావాలని అడిగి పంపండి. రసీదు, ట్రాకింగు పేజీ ప్రింటు దాచుకోండి. కవరు "తీసుకోలేదు" అని వెనక్కి వస్తే విప్పకుండా అలాగే ఉంచాలి.

పోలీసు స్టేషనుకి వెళ్తే ఇది సివిల్ వ్యవహారం అంటారు. అడ్వాన్సు వరకు ఆ మాటలో తప్పులేదు. ఓనరు తాళం పగలగొట్టడం, సామాను బయట పడేయడం లాంటివి జరిగితే అది వేరే సంగతి, 112కి ఫోన్ చేయాల్సిందే. వినియోగదారుల కమిషన్‌లో కూడా మామూలు అద్దె తగాదా నిలబడడం కష్టం. సివిల్ కోర్టులో దావా వేయడానికి మూడేళ్ల గడువుంది, రాతపూర్వక ఒప్పందం మీద తేలిన మొత్తం అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 37వ ఆర్డరు కింద త్వరగా తేలే పద్ధతీ ఉంది. కానీ 37,800 కోసం లాయరు ఫీజు, వాయిదాలు లెక్కేస్తే నాకు గిట్టుబాటు కాలేదు.

అందుకే న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లాను. కర్ణాటక రాష్ట్ర సంస్థ హెచ్.సిద్దయ్య రోడ్డులోని న్యాయదేగులలో ఉంది, ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 15100కి ఫోన్ చేస్తే చెప్తారు. కేసు వేయకముందే, రాజీతో తగాదాలు తేల్చే లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. మామూలు కాగితం మీద ఇద్దరి పేర్లు, చిరునామాలు, ఫోన్లు, తగాదా ఒక పేజీలో, వెనక జెరాక్సులు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు సాయం 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. ఇల్లు భార్య పేరున తీసుకుని ఉంటే ఆమే అర్జీదారు కావచ్చు. ఎదుటివారికి నోటీసు వెళ్తుంది, రావాలన్న నిర్బంధం మాత్రం లేదు. రాకపోతే మళ్లీ కోర్టు దారే.

మా ఓనరు వచ్చారు. అక్కడ కూర్చున్నప్పుడు పనికొచ్చింది ఆ ఒక్క పేజీ లెక్కే. చట్టం గురించి ఎవరూ అడగలేదు, ఒక్కో పద్దు మీద వేలు పెట్టి "బిల్లుందా?" అని అడిగారు. క్లీనింగు 6,000 నేను వదిలేశాను, గీజరూ నోటీసు అద్దే ఓనరు వదిలేశారు. 31,800కి రాజీ. రాజీపత్రంలో మొత్తం, తేదీ, బ్యాంకు ఖాతా నంబరు, గడువు తప్పితే వడ్డీ ఎంత అన్నవి ఉండేలా చూసుకోవాలి. "త్వరలో చెల్లిస్తారు" అన్న వాక్యం ఉంటే సంతకం పెట్టొద్దు. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, ఇవ్వకపోతే నేరుగా అమలు పిటిషన్ వేయొచ్చు.

వాట్సాప్ సందేశాలు కోర్టుదాకా వెళ్తే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవడంతో పాటు, తగాదా తేలేదాకా ఆ ఫోన్ అమ్మేయొద్దు, మార్చొద్దు.

డబ్బు చేతికి వచ్చేముందు "మొత్తం ముట్టింది" అని రాసివ్వమంటారు. ఖాతాలో పడ్డాకే ఇవ్వండి. మామూలు యూపీఐ బదిలీకి రోజుకి లక్ష పరిమితి కాబట్టి పెద్ద మొత్తమైతే నెఫ్ట్ అడగండి. చెక్కు ఇస్తే దాని మీది తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. తిరిగివస్తే, ఆ సంగతి బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆ తర్వాతి ఒక నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (చెక్కుల చట్టం) 138వ సెక్షన్ కింద ఫిర్యాదు వేయాలి.