మా వంటింటి ఎస్టిమేటు

తిరుపతిలో వంటిల్లు కొత్తగా చేయించుకోవాలని ఏ దుకాణం మెట్లెక్కినా మొదట వినిపించేది చెక్క పెట్టెల (క్యాబినెట్ల) చదరపు అడుగు ధర. ఒకరు 1,150 రూపాయలన్నారు, మరొకరు 1,450 అన్నారు, చెన్నైలో ఉండే మా ఆడపడుచు చెప్పిన షోరూమువారు 1,900 అన్నారు. మొదటివారు చవక, చివరివారు ప్రియం అనుకోవడానికి ఎవరికైనా క్షణం పట్టదు. ఆ అడుగును ఎవరు ఎలా కొలుస్తున్నారు, ఆ ధరలో ఏమేమి వస్తాయి అన్నవి తేలకుండా ఆ అంకెలను పక్కపక్కన పెట్టి చూడటం శుద్ధ దండగ.

మా ఇల్లు బైరాగిపట్టెడలో. కట్టి పాతికేళ్లు దాటింది. వంటిల్లు 10 అడుగులకు ఎనిమిదిన్నర. గట్టు కింద కడప బండలు నిలబెట్టి అరలు చేశారు, పైన సిమెంటు అటక ఉంది. కడప బండ అరలను అలాగే ఉంచి, ముందు చట్రాలు కట్టి తలుపులు బిగిస్తే చాలా తక్కువలో అయిపోతుందని మా వారి వాదన. నిజమే, డబ్బు తక్కువ ఉన్నప్పుడు అంతకన్నా మంచి దారి లేదు. అయితే ఆ బండలు ఒకదానికొకటి సమాన దూరంలో ఉండవు, వాటికి సొరుగు చానళ్లు, అంటే సొరుగు జారే పట్టాలు, సరిగ్గా బిగవవు. నాకు కావలసింది సొరుగులే. వంగి, మోకాళ్ల మీద కూర్చుని, అర చివర ఉన్న గిన్నెను తడుముకునే వయసు దాటిపోయింది. కాబట్టి బండలు తీయించాలన్నది ముందే తేలింది.

అత్తయ్య షరతులు రెండే. పొయ్యి ఆగ్నేయంలో, తూర్పు ముఖంగా వండేలా ఉండాలి. సింకు ఈశాన్యం వైపు ఉండాలి. వాస్తు మీద నాకు పెద్ద పట్టింపు లేదు గానీ, అత్తయ్యతో వాదించే ఖర్చును ఏ ఎస్టిమేటులోనూ రాయలేం. పైగా కిటికీ కూడా ఈశాన్యం వైపే ఉంది, సింకుకు వెలుతురు వస్తుంది. సరేనన్నాను.

ఇక కొలతలు. టేపు పట్టుకుని నేనే కొలిచి, అట్ట మీద గీసుకున్నాను. తూర్పు గోడ పొడవునా 10 అడుగుల గట్టు. దక్షిణం వైపు ఫ్రిజ్‌కు రెండున్నర అడుగులు వదిలేస్తే 6 అడుగులు. మూల అప్పటికే తూర్పు గట్టులో కలిసింది కనుక మిగిలింది 4. మొత్తం 14 అడుగులు. కింది పెట్టెల ఎత్తు రెండున్నర అడుగులు, అంటే 35 చదరపు అడుగులు. గోడ పెట్టెలకు కిటికీ, చిమ్నీ వదిలేస్తే 19. అటకకు 33. అన్నీ కలిపితే 87.

1,450 చెప్పినవారి కొటేషన్లో కూడా 87 ఉంది. 87 అడుగులకు 1,26,150 రూపాయలు. 1,150 చెప్పినవారి కాగితంలో మాత్రం 118 ఉంది! ఎక్కడిదీ 31 అడుగులు అని కూర్చుని విడదీశాను. మూలను కింద, గోడ మీద, అటకలో రెండేసి సార్లు లెక్కవేశారు, అది 11. చిమ్నీ ఉండే ఖాళీ జాగా 5. ఫ్రిజ్ నిలబడే చోటు, అంటే పెట్టే లేని చోటు, 15. మొత్తం బిల్లు 1,35,700. అడుగుకు 300 తక్కువ చెప్పి, చివరికి తొమ్మిదిన్నర వేలు ఎక్కువ. అడిగితే ఆ కుర్రవాడు ఏ మాత్రం తడుముకోకుండా, "మేడమ్, అందరూ గోడ నుంచి గోడకే కొలుస్తారు" అన్నాడు. గాలికి కూడా లామినేటు అతికిస్తారేమో అనుకుని లేచి వచ్చేశాను.

చెన్నైవారిది మరో చిక్కు. 1,900లో బిగింపు కలిసే ఉందన్నారు, కానీ లారీ కిరాయి, బిగించేవారికి ఇక్కడ గది అద్దె, భోజనం మనమే చూసుకోవాలట. వారు వస్తామన్నది తమిళ భక్తులు తిరుమలకు పోటెత్తే పురటాసి నెలలో. ఆ రోజుల్లో తిరుపతిలో గది దొరకడమే గగనం.

తర్వాత చెక్క. అన్ని దుకాణాల్లోనూ వినిపించిన మాట "710". ఐ.ఎస్. 710 అంటే మెరైన్ ప్లైవుడ్‌కు ఉన్న భారతీయ ప్రమాణం; నీళ్లలో 72 గంటలు మరిగించినా పొరలు విడిపోకూడదు. 303 అన్నది మరో ప్రమాణం. అందులో నీటికి కొంత తట్టుకునే రకం ఉంది, తేమకు మాత్రమే తట్టుకునే ఎం.ఆర్. రకమూ ఉంది. సింకు కింద ఎం.ఆర్. పెట్టడమంటే చెదలకు, బూజుకు శుభలేఖ పంపడమే. ఇందులో అసలు కిటుకు ఏమిటంటే, 1,150 వారి తలుపులు నిజంగానే 710. లోపలి పెట్టెలు ఎం.ఆర్. కొటేషన్లో పెద్ద అక్షరాలతో ఉన్నది తలుపుల మాట.

అందరినీ తలా ఒక ముక్క ఇమ్మని అడిగి తెచ్చి, పాత గిన్నెలో సాయంత్రమంతా మరిగించాను. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు ముక్క ఉబ్బి రాగి సంగటి ముద్దలా అయింది. ఎం.ఆర్. ముక్క అంచు దగ్గర పొరలు విచ్చుకుంది. 710 ముక్క చెక్కుచెదరలేదు. నా సాయంత్రపు పరీక్ష 72 గంటల పరీక్షకు సాటి రాదు, అయినా దుకాణంవారికి ఆ మూడు ముక్కలూ చూపిస్తే బేరంలో గొంతులు కాస్త దిగాయి.

పెట్టెల ధర తేలాక దాన్ని పక్కన పెట్టి, మిగిలిన ఖర్చులన్నీ రాశాను. ఎస్టిమేటులో అసలు కథ ఇక్కడే ఉంది. పెట్టెలవారు ఇవేవీ చెప్పరు, ఎందుకంటే ఇవి వారి పని కావు. 1,26,150 మీద 18 శాతం జి.ఎస్.టి. 22,707. సొరుగు చానళ్లు, నెమ్మదిగా మూసుకునే కీలు, తీగ బుట్టలు వేరుగా 38,000. పాత గట్టు పగలగొట్టి, ఆ రాళ్లూ మట్టీ ట్రాక్టరులో తోలించడానికి 6,000. గ్రానైటు, దాని కోత, అంచు గుండ్రం చేయడం, సింకుకు రంధ్రం, పరిచే కూలి కలిపి 18,000. గట్టు పైన గోడకు టైల్స్ 4,500. సింకు, కొళాయి, ప్లంబరు 11,000. కరెంటు పని 9,000. చిమ్నీ, పొయ్యి 22,000. చివర్లో గోడలకు రంగు 4,000. కూడితే 2,61,357. అంటే దుకాణంవారు చెప్పిన 1,26,150 మొత్తంలో సగం కూడా కాదు.

కరెంటుకు 9,000 ఎందుకని మా వారు అడిగారు. ఇడ్లీ పిండికి గ్రైండరు, మిక్సీ, నీళ్ల ఫిల్టరు, ఫ్రిజ్, చిమ్నీ, ఓవెను ఎక్కడెక్కడ ఉంటాయో వరుసగా చూపించాను. ఓవెనుకు 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగిన లావు తీగ కావాలి. ఇవన్నీ టైల్స్ వేయకముందే గోడలోకి పోవాలి.

గ్రానైటు కొట్టులో నల్లటి చీమకుర్తి గెలాక్సీ చూసి మా అమ్మాయి అక్కడే నిలబడిపోయింది. అందంగానే ఉంది. మా బోరు నీళ్లకు మాత్రం సింకు చుట్టూ తెల్లటి ఉప్పు చారలు కడతాయి, నల్ల రాయి మీద అవి దూరం నుంచే కనిపిస్తాయి. మన వైపు రాయి కుప్పం పచ్చ గ్రానైటు తీసుకున్నాం. రాతికి కొలత కట్టేటప్పుడు ఒకటి గమనించాలి: మనకు కావలసిన 28 చదరపు అడుగులకు కాదు, కోసే పలకలు మొత్తానికి డబ్బు కట్టాలి. మా బిల్లు 42 అడుగులకు అయింది. మిగిలిన ముక్కలను వదిలేయకుండా తెచ్చి, పూజ గది గడపకు, కిటికీ గట్టుకు వేయించాను.

ఖర్చు తగ్గించే చోటు ఎక్కడా అని వెతికితే కళ్ల ముందే దొరికింది: అటక. మాకు సిమెంటు అటక ఉన్నప్పుడు దానికి చెక్క పెట్టె ఎందుకు? చట్రం, తలుపులు చాలు. 33 అడుగులకు పెట్టె ధరైతే 47,850. తలుపుల ధర అడుగుకు 600 చొప్పున 19,800. పన్నుతో కలిపి 33,099 మిగిలింది. ఎస్టిమేటు 2,28,258కి దిగింది. సిమెంటు అటక ఉందని ముందు వచ్చి చూసినవారందరికీ తెలుసు, ఒక్కరూ ఈ మాట ఎత్తలేదు.

మూలలో తిరిగే బుట్టల అమరిక పెట్టుకోమని ఎంతో చెప్పారు. అది ఒక్కటే 20,000. వద్దన్నాను. తిరుపతిలో ఇల్లున్నవారికి దర్శనానికి వచ్చే బంధువులు ఎప్పుడూ ఉంటారు, వారికి వండే పెద్ద గుండిగలు, డేగిసాలు ఏ తిరిగే బుట్టలోనూ పట్టవు. మూలను ఖాళీ అరగా వదిలేశాం. ఆ అర ఇప్పుడు నిండిపోయింది.

గ్యాస్ సిలిండరు మాట మరిచిపోకూడదు. గీసి ఇచ్చిన బొమ్మలో పొయ్యి కింద మూడు సొరుగులు అందంగా ఉన్నాయి, సిలిండరు ఎక్కడా లేదు. పొయ్యి పక్క పెట్టెను సిలిండరుకు కేటాయించి, తలుపు అడుగున గాలి రంధ్రాలు పెట్టించాను. వంట గ్యాస్ గాలి కంటే బరువు, కారితే కిందికే దిగుతుంది కాబట్టి రంధ్రాలు పైన ఉంటే ఉపయోగం లేదు.

మా ఊరి వడ్రంగి ఆచారి చేత చేయిస్తే ఎంతవుతుందో కూడా లెక్క కట్టాను. పూర్తి పెట్టెలకు చెక్క, లామినేటు, జిగురు, కూలి అన్నీ కలిపి 1,12,000 దాటింది. షీటు మీద ఐ.ఎస్.ఐ. ముద్ర మన కళ్లతో చూసి దింపుకోవచ్చు, అది పెద్ద లాభం. కానీ అటక పెట్టెలు తీసేశాక ఇద్దరి మధ్య తేడా బాగా తగ్గిపోయింది. ఫ్యాక్టరీలో యంత్రంతో అతికించే అంచు పట్టీలు చేత్తో అతికించినవాటి కంటే నీటికి బాగా తట్టుకుంటాయి. ఇల్లంతా రంపపు పొట్టు పడటం మా మామయ్య ఆయాసానికీ పనికిరాదు. 1,450 వారికే ఇచ్చాం.

డబ్బు విషయంలో వారి పద్ధతి ముందు సగం, సరుకు దిగాక నలభై శాతం, బిగించిన రోజు మిగిలిన పది. చివరి పది శాతం నెల రోజులు వాడాక ఇస్తానని కాగితం మీద రాయించాను. యజమాని ముఖం ముడుచుకున్నారు గానీ, "అమ్మా, మీ లెక్క మీది" అని సంతకం పెట్టారు.

ఎస్టిమేటు మీద పది శాతం విడిగా ఉంచుకున్నాం. పాత గట్టు తీయగానే దాని అవసరం తెలిసింది. సింకు వెనక గోడలోని ఇనుప పైపు తుప్పు పట్టి పొడిపొడిగా రాలింది, సి.పి.వి.సి. ప్లాస్టిక్ పైపు వేసి గోడ పూడ్చడానికి 6,500. టైల్స్ మరో పెట్టె కొనాల్సి వచ్చింది. అంతా అయ్యేసరికి 2,37,000కు కాస్త అటూఇటూ. నెల తిరక్కుండానే పొయ్యి కింది సొరుగు ఒకటి పట్టేసింది. ఫోను చేస్తే మర్నాడే మనిషి వచ్చి చానల్ మార్చి వెళ్లాడు, ఆ వారమే మిగిలిన పది శాతం కట్టేశాం.