హాజరుపట్టీలో ఆరేలియన్

సోషల్ సార్ అనగానే మా బ్యాచ్‌లో చాలామందికి గురి తప్పకుండా వచ్చి తగిలే సుద్దముక్క గుర్తొస్తుంది. నాకు మాత్రం రోమన్ చక్రవర్తి ఆరేలియన్ గుర్తొస్తాడు.

మూడో శతాబ్దపు రోమ్ గురించి మా పాఠంలో ఉన్నవి రెండే వాక్యాలు. సార్ మూడు పీరియడ్లు చెప్పారు. 235 నుంచి యాభై ఏళ్లలో 20 మందికి పైగా చక్రవర్తులు, ఎక్కువమందిని సొంత సైనికులే చంపారు. 260లో వలేరియన్ ఏకంగా పర్షియా రాజు షాపూర్‌కు బందీగా చిక్కాడు. పడమట గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ వైపు), తూర్పున పాల్మైరా (ఇప్పటి సిరియాలో) వేరుకుంపట్లు పెట్టుకున్నాయి.

నాణేల దగ్గరికి వచ్చేసరికి సార్ తన వాచీ గొలుసు విప్పి చూపించారు. మణికట్టుకు రాసుకునే చోట పచ్చని పూత పోయి తెల్లబడింది. "అప్పటి వెండి నాణెం ఇదేరా. లోపల రాగి, పైన పూత." వెండి నూటికి 5 పాళ్లు కూడా లేదట. మన తెలంగాణలోని పెద్దబంకూరు తవ్వకాల్లో దొరికిన తొలి చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్ నాణేలు మంచి రోజులవి.

270లో గద్దెనెక్కిన ఆరేలియన్ 272లో పాల్మైరా రాణి జెనోబియాను పట్టుకున్నాడు, 274లో గాల్‌ను కలుపుకున్నాడు. నిలబెట్టుకోలేని డాసియాను (ఇప్పటి రొమేనియా వైపు) మాత్రం వదిలేశాడు. పాల్మైరా మళ్లీ తిరగబడితే ఊరినే నాశనం చేయించాడు. ఆ ముక్క సార్ మింగేశారు, నేను తర్వాత చదువుకున్నాను.

ఆమధ్య పనిమీద రోమ్ వెళ్లి, ఊరిచుట్టూ ఆరేలియన్ కట్టించిన గోడ చూశాను. 271లో మొదలైంది, చుట్టుకొలత 19 కిలోమీటర్లు. ఒకచోట సెస్టియస్ అనే ఆయన పిరమిడ్ సమాధికి అటూ ఇటూ గోడ అతికించేశారు. ఎంత కంగారులో కట్టారో ఆ అతుకు చూస్తే చాలు.

275లో ఆరేలియన్ పర్షియా మీదికి బయల్దేరాడు. దారిలో, థ్రేస్‌లో, ఏదో తప్పు చేసి దొరికిపోతానని భయపడ్డ గుమస్తా ఒకడు చక్రవర్తి చేతిరాతలో దొంగ జాబితా రాసి, "మిమ్మల్ని చంపిస్తాడట" అని అధికారులకు చూపించాడట. ఇక్కడ సార్ హాజరుపట్టీ తెరిచి ఐదు పేర్లు చదివారు. మూడోది నాది.

"రేపు మీ పని అయిపోతుంది. ఏం చేస్తార్రా?"

"మేమే ముందు ఏసేస్తాం సార్" అంది వెనక బెంచీ. క్లాసంతా నవ్వు. సార్ పట్టీ మూసి, "వాళ్లూ అదే చేశారు" అన్నారు.

క్వార్టర్లీలో రెండు మార్కుల ప్రశ్నకు ఇదంతా నాలుగు పేజీలు రాశాను. ఒకటిన్నర వేశారు. డాసియా సంగతి మర్చిపోయానట.