పెద్ద బోరు పక్షం

ఆదివారం, మార్గశిరం మొదలైంది.

కార్తీకం వెళ్ళిన మొదటి ఆదివారం వైజాగ్‌లో చేపలు బేరమాడటం అంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. నెల్లాళ్ళు నీచు ముట్టనివాళ్ళంతా ఒకేసారి ఫిషింగ్ హార్బర్ మీద పడతారు. కోనెం రేటు అడిగి, వినబడనట్టు ముందుకెళ్ళి, ఓ చుట్టు తిరిగి, మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చి ఆమె చెప్పిన రేటుకే కొన్నాను. వచ్చేటప్పుడు బీచ్ రోడ్డులో నేవీ డే రిహార్సల్స్. బారికేడ్లు, పైన హెలికాప్టర్లు, కింద స్కూటర్లు ఆపేసి పైకి చూస్తున్న జనం. నాకు తొందర లేదు గానీ సంచిలో చేపకి ఉంది.

మా బావమరిది రమణ, వాళ్ళబ్బాయి సంతోష్ అప్పటికే వచ్చి కూర్చున్నారు. రమణకి నర్సీపట్నం వైపు జీడితోట ఉంది. పాత .32 రివాల్వర్ ఒకటి ఉంది (.32 అంటే దాని బోరు, గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో), దానికి లైసెన్సూ ఉంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్‌లో అప్పగించడం, అయిపోయాక రసీదు పట్టుకెళ్ళి తెచ్చుకోవడం, ఇంతకు మించి దానితో అతను చేసిన పని లేదు. సంతోష్ మాత్రం రేంజికి వెళ్ళి .22 స్పోర్ట్ పిస్టల్ కాలుస్తాడు. కొడుకుని చూసి తండ్రికి కోరిక పుట్టింది. పాతది అమ్మేసి, తేలికగా చిన్నగా ఉండేది కొనుక్కుని, తనూ టార్గెట్ కొడతాడట. నేను ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, చేసి రిటైరైనవాణ్ణి. సలహా కోసం వచ్చాడు.

"చిన్నదయితే చెయ్యి అదరదు కదా బావా, అందుకని" అన్నాడు.

సర్వీసంతా ఈ మాట వింటూనే గడిపాను. మొబిలైజేషన్ శిక్షణలో ఫైరింగ్‌కి వచ్చే కొత్త కుర్రాళ్ళ దగ్గర్నుంచి పెద్ద ఆఫీసర్ల దాకా అందరికీ ఇదే నమ్మకం. చిన్న బోరు సులువు, పెద్ద బోరు మగాళ్ళ పని. నా పక్షం ఎప్పుడూ పెద్ద బోరుదే. అందులో మగతనం ఏమీ లేదు. గురి కుదరడానికి అదే సుఖం.

మా కోత్‌లో (ఆయుధాల గదిలో) ఒకప్పుడు బ్రిటిష్ కాలం నాటి వెబ్లీ మార్క్ సిక్స్ ఉండేది, .455 బోరు. 1915లో వచ్చిన మోడల్. ఆరంగుళాల బ్యారల్, కిలో దాటిన బరువు. బొటనవేలితో పక్కనున్న మీట నొక్కితే మధ్యకి విరిగినట్టు ముందుకి తెరుచుకుంటుంది. తెరుస్తుండగానే, తూటాలు పెట్టే సిలిండర్ మధ్యలోంచి నక్షత్రం ఆకారంలో ఉన్న ముక్క పైకి లేచి, ఆరు ఖాళీ కేసుల్నీ ఒకేసారి ఎత్తి బయట పారేస్తుంది. మళ్ళీ మూస్తే 'ఠక్' మని పడే ఆ చప్పుడుకే సగం ధైర్యం వచ్చేది. నూనె పట్టించిన చిందీ గుడ్డతో దాన్ని తుడిచేటప్పుడు గ్రిప్ నా అరచేతిలో నిండుగా కూర్చునేది, చిటికెన వేలు గాల్లో వేలాడకుండా. చిన్న రివాల్వర్లతో మొదటి చిక్కు అక్కడే. మూడు వేళ్ళు పట్టాల్సిన చోట రెండే పడతాయి. మిగతా వేలు ఏం చెయ్యాలో తెలీక కిందనుంచి నొక్కుతుంది, గుండు పక్కకి పోతుంది.

సంతోష్ ఫోన్ తీశాడు. వీడికి ఏదైనా లెక్క వేస్తేగానీ నమ్మకం ఉండదు, అది మంచిదే. "గుండు బరువుని దాని వేగంతో గుణించి, గన్ను బరువుతో భాగిస్తే వెనక్కి తన్నే వేగం వస్తుంది కదా మావయ్యా, మందు బరువు వదిలేద్దాం" అన్నాడు. వెబ్లీ గుండు సుమారు 17 గ్రాములు, సెకనుకి 190 మీటర్లు, గన్ను కిలో పైన. వచ్చింది సెకనుకి 3 మీటర్లు. తర్వాత వాళ్ళ నాన్న కొందామనుకుంటున్న తేలిక రకాలు వేశాడు. 2014లో కాన్పూర్ ఆయుధ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నిర్భీక్ .32 బోరు, బరువు అర కిలో. 2016లో ఈషాపూర్ వాళ్ళు తెచ్చిన నిడర్ .22 బోరు, బరువు పావు కిలో. ఈ రెండిటికీ లెక్క రెండున్నర నుంచి మూడు మీటర్ల మధ్యే తేలింది. వాడు రెండోసారి వేసి చూశాడు. రమణ ఫోన్ లాక్కుని తనూ చూశాడు, ఏం అర్థమైందో తెలీదు.

"చూశావా, బోరు తగ్గితే గన్నూ తగ్గిపోయింది. ఇంక నీకు మిగిలిందేటి?" అన్నాను.

సంతోష్ ఊరుకోలేదు. "వేగం ఒకటే, కానీ చేతిలోకి వచ్చే మొత్తం తోపు నిడర్‌తో పోలిస్తే వెబ్లీది నాలుగింతల పైనే మావయ్యా" అన్నాడు. నిజమే. అయితే ఆ తోపు మణికట్టు దాటి భుజంలోకి వెళ్ళిపోతుంది, మెల్లగా పైకి లేచి మెల్లగానే దిగుతుంది. పావు కిలోది వేళ్ళలోనే గిలగిలలాడుతుంది. రెండూ కాల్చినవాడికి చెప్పక్కర్లేదు. కాల్చనివాడికి ఎంత చెప్పినా ఎక్కదు, చప్పుడు చూసి నిర్ణయించేసుకుంటాడు. మా రోజుల్లో చెవుల్లో దూది తప్ప ఇంకేం ఉండేవి కావు, కాబట్టి చప్పుడు భయం నాకు తెలీనిది కాదు. ఇప్పుడు మంచి ఇయర్ మఫ్‌లు వచ్చాక ఆ భయానికి అర్థం లేదు.

అసలు ముఖ్యమైనది గురి చూసే సైట్ల మధ్య దూరం. వెనక సైటుకీ ముందు సైటుకీ మధ్య 10 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే 25 మీటర్ల దగ్గర గుండు 25 సెంటీమీటర్లు తప్పుతుంది. ఆ దూరం 20 సెంటీమీటర్లయితే తప్పు సగానికి సగం తగ్గి పన్నెండున్నర అవుతుంది. 25 మీటర్ల టార్గెట్‌లో పది రింగు వెడల్పు 5 సెంటీమీటర్లు. నల్లటి భాగం మొత్తం కలిపి 20. పొట్టి బ్యారల్‌తో అర మిల్లీమీటరు తేడా వచ్చినా నలుపు దాటి తెలుపులో పడతావు. పెద్ద బోరు రివాల్వర్లకి మామూలుగా పొడుగు బ్యారల్, పొడుగు ఫ్రేమ్ ఉంటాయి. జేబులో దాచుకునే చిన్నవాటికి ఉండవు, ఉండాలని వాళ్ళూ అనుకోరు. అవి దగ్గరి దూరంలో ప్రాణం కాపాడుకోవడానికి చేసినవి, ఆ పనికి బాగానే ఉంటాయి.

ఇక్కడ సంతోష్ సరైన ప్రశ్న వేశాడు. బరువూ పొడుగూ కావాలంటే .22నే బరువుగా పొడుగ్గా చేసుకోవచ్చు కదా, తన స్పోర్ట్ పిస్టల్ అలాంటిదే కదా అని. చేసుకోవచ్చు, కదలదు కూడా. నాకు దానితో ఉన్న పేచీ కూడా అదే, అస్సలు కదలదు. ట్రిగ్గర్ గుంజినా, పేలకముందే చెయ్యి బిగిసినా ఆ పిస్టల్ కప్పిపుచ్చేస్తుంది. కుర్రాడు బాగా కొడుతున్నాననుకుంటూ ఆరు నెలలు అదే అలవాటు ముదరబెట్టుకుంటాడు. పెద్ద బోరు మొదటి రోజే బయటపెడుతుంది. అదీగాక .22 తూటాలో మందు అంటించే రసాయనం కేసు అడుగు అంచులో ఉంటుంది. ఆ అంచుని నలగ్గొట్టాలంటే హ్యామర్ గట్టిగా పడాలి, దానికి స్ప్రింగ్ గట్టిది వేస్తారు. అందుకే .22 రివాల్వర్ డబుల్ యాక్షన్‌లో (ట్రిగ్గర్‌తోనే హ్యామర్‌ని ఎత్తి వదిలేలా) లాగితే వేలు నొప్పెడుతుంది. ఆ రసాయనం (ప్రైమర్) అంచులో కాక మధ్యలో ఉన్న .38కి అంత అక్కర్లేదు.

రివాల్వర్‌తో మేం ఒక పని చేసేవాళ్ళం. సిలిండర్‌లో కొన్ని నిజం రౌండ్లు, కొన్ని ఖాళీ కేసులు కలిపి పెట్టి, తిప్పి, మూసి కుర్రాడికి ఇచ్చేవాళ్ళం. ఏది ఎక్కడుందో వాడికి తెలీదు. హ్యామర్ ఖాళీ కేసు మీద పడి 'టిక్' మంటుంది. పేలలేదు, అయినా బ్యారల్ మూతి బెత్తెడు కిందకి దిగిపోతుంది. వెనక నిలబడ్డవాళ్ళంతా నవ్వుతారు. వాడు ముందు నమ్మడు, మళ్ళీ అడుగుతాడు, మళ్ళీ మూతి దిగుతుంది. ఆ తర్వాత ఇంక నేను చెప్పేదేమీ ఉండదు, వాడే సరిచేసుకుంటాడు. .38తో ఇది ఎంత బాగా పనిచేసేదో చెప్పలేను. భయం అనేది ఒకటి ఉంటేనే కదా దాన్ని పట్టుకోగలం.

భోజనాలయ్యాక (పులుసు బాగా కుదిరింది, మా ఆవిడ చింతపండు తగ్గించిందని రమణ మాత్రం సణిగాడు) సంతోష్ బ్యాగులోంచి టార్గెట్ కాగితాలు తీశాడు. ఒకటి వాడిది, .22. ఇంకోటి క్లబ్బులో సీనియర్ ఎవరో .32 సెంటర్ ఫైర్‌తో (ప్రైమర్ మధ్యలో ఉండే రకం) కొట్టింది. రెండూ కిటికీకి అడ్డంగా పెట్టి చూశాం. .22 కన్నాలు చింపినట్టున్నాయి, అంచులు లోపలికి మడిచి, చుట్టూ బూడిద రంగు మసి. నల్లటి భాగంలో పడ్డవి ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. .32 వాళ్ళు వాడింది ముక్కు బల్లపరుపుగా ఉండే వాడ్‌కటర్ గుండ్లు. ఆఫీసులో పంచింగ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రంగా తెగి, ఒక్కో కన్నంలోంచి వెలుతురు పూర్తిగా వస్తోంది. నా కళ్ళకి ఇప్పుడు శుక్లం మొదలైంది. కాల్చినచోటు నుంచే కన్నం కనబడటం ఎంత ఊరటో ఇరవయ్యేళ్ళవాడికి తెలీదు.

"కన్నం పెద్దదయితే గీత తగిలి ఎక్కువ పాయింట్లొస్తాయి కదా?" అని రమణకి ఆశ పుట్టింది. గీత తగిలితే ఎక్కువ విలువున్న రింగు పాయింటే ఇస్తారు, నిజమే. కానీ సెంటర్ ఫైర్ పోటీలో .30 నుంచి .38 దాకా ఏ బోరుతో కాల్చినా, అనుమానం వస్తే 9.65 మిల్లీమీటర్ల గేజ్ ఒక్కటే పెట్టి చూస్తారని సంతోష్ చెప్పాడు. .32 వాడికీ .38 వాడికీ గీత దగ్గర సమానమే. అందుకే పోటీవాళ్ళు చాలామంది వెనక్కి తన్నడం తక్కువని .32 ఎంచుకుంటారు. రమణ ముఖం చిన్నబోయింది. పాయింట్లు దొంగిలించడానికి పెద్ద బోరు అనడం నాకూ నచ్చని వాదనే, పోనీలే.

సంతోష్‌కి జస్పాల్ రాణా అంటే ప్రాణం. 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో సెంటర్ ఫైర్‌లో 600కి 590 కొట్టి ప్రపంచ రికార్డుని సమం చేసిన మనిషి. "అది పెద్ద బోరే కదా, మరి?" అన్నాను. వెంటనే విజయ్ కుమార్‌ని తీశాడు. 2012 లండన్‌లో ర్యాపిడ్ ఫైర్ వెండి పతకం, అది .22. ఒలింపిక్స్‌లో అసలు సెంటర్ ఫైరే లేదు అన్నాడు. వీడితో ఇదే గొడవ, మనం ఒకటి అంటే వాడి దగ్గర ఒకటి రెడీగా ఉంటుంది. ఆ ఇద్దరూ వాడినవి పిస్టళ్ళు, రివాల్వర్లు కావు. ఆ మాట నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

నేను చదివిన చరిత్ర ఒకటి చెప్పాను. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ సైన్యం .455 వదిలేసి .38కి దిగింది. 1932లో ఎన్‌ఫీల్డ్ నంబర్ టూ రివాల్వర్ తీసుకుంది. కారణం, కొత్తగా చేరేవాళ్ళకి తక్కువ రోజుల్లో నేర్పడం తేలికని. రమణ ఎగిరి గంతేశాడు, "చూశావా, వాళ్ళే చిన్నదానికి వచ్చారు" అని. వాళ్ళు వచ్చింది హడావుడిగా వేలమందికి నేర్పి పంపాలి కాబట్టి. రమణకేం తొందర? ఏ యుద్ధానికి పోతాడు? ఆదివారం ఆదివారం తీరిగ్గా నేర్చుకోవచ్చు.

అయితే రమణకి .38 కొనమని నేను చెప్పలేను. .38, .455, 9 ఎంఎం మన దేశంలో నిషిద్ధ బోర్లు, మామూలు లైసెన్సు మీద రావు. మన ఫ్యాక్టరీల్లో తయారై మామూలు లైసెన్సుదారుకి దొరికే రివాల్వర్లు ఎక్కువగా .32, .22. కాబట్టి నా పెద్ద బోరు పక్షమంతా అతని విషయంలో .32 దగ్గర ఆగిపోవాల్సిందే. ఆ రెండిట్లో పెద్దది తీసుకో, అందులోనూ బరువైనది తీసుకో అన్నాను. ఇంకా నన్నడిగితే అసలు కొనొద్దు. ఇంట్లో ఉన్న పాతది .32, బరువుగా ఉంటుంది, బ్యారల్ కూడా పొట్టిది కాదు. దాన్నే ఎవరైనా మంచి ఆర్మరర్‌కి చూపించి, సిలిండర్ సరిగ్గా లాక్ అవుతోందో లేదో, బ్యారల్ లోపల తుప్పు గుంటలు ఉన్నాయో లేదో చూపించుకుంటే చాలు. ఎవరో ఎందుకు, నేనే చూస్తాను. జీడితోట డబ్బులు మిగుల్తాయి.

"పాతదా?" అని పెదవి విరిచాడు. కొత్తది కొనే సరదా ముందు మన మాట ఎక్కడ నిలుస్తుంది.

సాయంత్రం అనకాపల్లి బస్సు ఎక్కేముందు సంతోష్ చెవిలో అన్నాడు, "మావయ్యా, వచ్చే వారం క్లబ్బులో ఆ సీనియర్‌ని అడిగి, నాన్నకి .32, .22 రెండూ కాల్పిస్తాను. నాన్నే చెప్తారు." తెలివైనవాడు. పొద్దుట్నుంచీ నేను గొంతు చించుకున్నదంతా నాలుగు రౌండ్లతో తేలిపోతుంది.

రాత్రి రమణ ఫోన్ చేశాడు. "బావా, సరేలే, బరువుదే ఉంచుకుంటాను. దానికి నడుముకి కట్టుకునే మంచి తోలు బెల్టు వైజాగ్‌లో ఎక్కడ దొరుకుతుంది?"

"టార్గెట్ కొట్టేవాడికి బెల్టెందుకురా, తాళం ఉన్న పెట్టె కొనుక్కో" అన్నాను. మా ఆవిడ పక్కనుంచి, వాడికి బెల్టు కోసమే ఇదంతా అంది. ఆమె తమ్ముడు, ఆమెకి తెలీదా!