వాంకూవర్‌లో మాట్లాడే రైళ్లు, బెజవాడలో మా నాన్న

మాట్లాడే రైళ్ల సినిమా తీయడంలో అన్నిటికన్నా పెద్ద తలనొప్పి, రైలుకి చేతులుండవు. మెడ తిరగదు. పట్టాల మీద ముందుకో వెనక్కో తప్ప ఎటూ పోలేదు. మొహమేమో ఇంజను ముందుంటుంది కాబట్టి ఒకదాని వెనక ఒకటి నిలబడితే మాట్లాడుకోలేవు, ఒకే పట్టా మీద ఎదురెదురుగా నిలబెడితే ఇప్పుడే గుద్దుకోబోతున్నట్టుంటుంది. అందుకే ఈ సినిమాల్లో ముఖ్యమైన కబుర్లన్నీ షెడ్డులో పక్కపక్కన నిలబడి, కనుగుడ్లు మాత్రం పక్కకి తిప్పి చెప్పుకుంటాయి. ఈసారి పిల్లలతో కూర్చున్నప్పుడు గమనించండి.

నేను వాంకూవర్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో లేఔట్ ఆర్టిస్టుని. కెమెరా ఎక్కడ పెట్టాలి, ఏ ఇంజను ఏ పట్టా మీద నిలబడాలి, ఇదీ నా పని. సినిమా పేరు చెప్పను, చెప్పనని సంతకం పెట్టించుకున్నారు.

చేతుల్లేని హీరోతో కథ నడపాలంటే మిగిలేవి లాగడం, తోయడం, బ్రేకు వేయడం, కూత పెట్టడం. కథలన్నీ ఒకేలా ఉండటానికి సగం కారణం ఇదే. గొప్పలు పోయే పెద్ద ఇంజను ఎత్తు మీద ఆగిపోతుంది, అందరూ ఎగతాళి చేసిన చిన్నది వచ్చి వెనక నుంచి తోస్తుంది. ఆ లైన్లోకి వెళ్లకు అని మొదట్లోనే ఎవరో పెద్దింజను హెచ్చరిస్తుంది, కాసేపటికి హీరో ఆ లైన్లోనే ఉంటాడు. బ్రిడ్జి చూపించారంటే అది కూలుతుంది. పాడుబడ్డ షెడ్డు చూపించారంటే లోపల తుప్పు పట్టిన ముసలి ఇంజనొకటి ఉంటుంది, దానికి రంగేసి చివర్లో పరుగెత్తిస్తారు. మన పాత సినిమాల్లో హీరో చెల్లెలు ముగ్గేస్తూ కనిపించగానే ఆ పిల్లకి ఏదో మూడిందని హాల్లో అందరికీ తెలిసిపోయేది చూడండి, అలాగే.

వీటిలో చాలావాటికి మూలం ఇంగ్లండ్‌లో ఉంది. 1943లో తట్టు వచ్చి మంచాన పడ్డ కొడుక్కి ఆడ్రీ అనే చర్చి పాస్టరు చెప్పిన రైలు కథలు 1945లో మొదటి పుస్తకంగా వచ్చాయి. తర్వాత థామస్ అనే ఇంజను పేరుతో టీవీలో, సినిమాల్లో వచ్చింది ఇదే. ఆ మొదటి పుస్తకంలో హెన్రీ అనే ఇంజను, వాన పడితే తన రంగు పాడవుతుందని సొరంగంలోంచి బయటికి రానంటుంది. ఎంత చెప్పినా వినకపోతే పట్టాలు పీకేసి, ముందు గోడ కట్టి అందులోనే వదిలేస్తారు. తర్వాత వేరే ఇంజను దారిలో పాడైతే, బండి లాగడానికి మనిషి తక్కువై, సారీ, ఇంజను తక్కువై, గోడ పగలగొట్టి హెన్రీని బయటికి తీస్తారు. పిల్లలకి అది క్షమించడంలా కనిపిస్తుంది. నాకు మాత్రం అవసరం పడ్డట్టే కనిపిస్తుంది.

మా సినిమాలోనూ అదే బెదిరింపు. పని చేయకపోతే తుక్కే. ఆ తుక్కు యార్డు సీను మీద మేము చాలా రోజులు కూర్చున్నాం. లైటింగ్ చేసినవాడిది బ్రెజిల్, పొగ చేసినమ్మాయిది ఫిలిప్పీన్స్, ఇంజన్లు వరసగా నిలబెట్టింది నేను. ముగ్గురి కాంట్రాక్టూ ఆ సినిమాతో సరి, ముగ్గురి వర్క్ పర్మిట్ మీదా ఆ కంపెనీ పేరే ఉంది. యానిమేషన్‌లో పని ఎక్కడ పన్ను రాయితీ ఎక్కువిస్తే అక్కడికి పోతుంది, మనం దాని వెనక పోవాలి. మధ్యాహ్నం తుక్కు ఇంజన్ల మొహాలకి దిగులు సరిపోయిందా లేదా అని చర్చ, రాత్రి గదికొచ్చి కెనడా పర్మనెంట్ రెసిడెన్సీ పాయింట్ల పట్టిక. పెళ్లాం తోడు లేకుండా దరఖాస్తు చేస్తే 20 నుంచి 29 ఏళ్ల దాకా వయసుకి 110 పాయింట్లు, 30 నుంచి తగ్గుకుంటూ వచ్చి 45కి సున్నా. ఇంగ్లీషుకి ఇన్ని, డిగ్రీకి ఇన్ని, అక్కడ చేసిన ఉద్యోగానికి ఇన్ని. పనికొచ్చే ఇంజనేదో తేల్చే కంట్రోలర్‌గారి టోపీ ఒక్కటే తక్కువ, మిగతాదంతా మా స్క్రిప్టే.

ఇండియన్ ఇంజను సంగతి చెప్పాలి. ఈ మధ్య ఇలాంటి కథలన్నిటిలో దేశానికో ఇంజను వస్తోంది. 2016లో థామస్ సినిమాలోకి నీలగిరి కొండ రైలుని చూసి తయారుచేసిన అషీమా అనే ఇంజను వచ్చింది. మాకూ ఒకటి కావాలన్నారు. మీటింగ్‌లో ఉన్న ఒకే ఇండియన్ని నేను కాబట్టి అందరూ నా వైపు తిరిగారు. ఒంటి నిండా రంగులు, బంతిపూల దండలు, పక్కన ఏనుగు బొమ్మ, ఇదీ డ్రాయింగు. పైగా యాస కోసం నాలుగు ముక్కలు రికార్డు చేసి ఇమ్మన్నారు, ఏ యాస కావాలి, గుంటూరు యాసా అంటే నవ్వి ఊరుకున్నారు. మా ఇంజన్లు ఇలా ఉండవండీ అని గట్టిగానే చెప్పా. ఆ రాత్రి ఫోన్లో నాన్నకి చెప్పి నవ్వుకుందామనుకుంటే ఆయన నవ్వలేదు. "దసరాకి ఆయుధ పూజ చేసేవాళ్లం కదరా షెడ్డులో. దండలేసి, అరటి పిలకలు కట్టి, బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టేవాళ్లం. వాళ్లు వేసింది తప్పేం కాదు" అన్నాడు. ఏడాదికొక్క రోజు నిజమే. ఏనుగుని మాత్రం తీయించా.

సినిమా వచ్చేసరికి నా చేతిలో పని లేదు, బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లో ఉన్నా. నాన్న రిటైరైన లోకో పైలట్. డెబ్బయ్యో దశకంలో లోకో క్లీనర్‌గా చేరి, ఫైర్‌మన్ చేసి, డీజిల్ అసిస్టెంటై, గూడ్సు, ప్యాసింజరు దాటి మెయిల్ డ్రైవర్‌గా దిగాడు. అర్ధరాత్రి డ్యూటీకి రమ్మని కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టి పుస్తకంలో సంతకం పెట్టించుకుపోవడం, గుమ్మం పక్కన నాన్న డ్యూటీకి పట్టుకెళ్లే నల్లటి లైన్ పెట్టె, మా చిన్నతనమంతా అదే. అక్క పిల్లలు, నాన్న, నేను, టీవీలో మా సినిమా.

మొదటి ప్రశ్న మేనకోడలిది. "మావయ్యా, గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి బెజవాడలో ఇంజను ఇటు తీసి అటు పెడతారు కదా, అప్పుడు రైలు తోక మొహం అయిపోతుందా?" కాజీపేట వైపు నుంచి వచ్చి వైజాగ్ పోయే బండెక్కినవాళ్లెవరికైనా తెలుసు, బెజవాడ దాటాక అదే సీట్లో వెనక్కి పోతున్నట్టుంటుంది. కరెంటింజనుకైతే రెండు వైపులా కేబిన్లుంటాయి, రెండు మొహాలు పెట్టాలి మరి. వాంకూవర్‌లో అన్ని మీటింగుల్లో ఈ మాట ఎవరికీ రాలేదు.

నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా సినిమాలో కూడా పొగింజన్లు మంచివి, డీజిల్ ఇంజను నూనె కారే మొహంతో విలను. ఇంగ్లండ్‌లో దానికో లెక్కుంది. అక్కడ అరవైల్లో పొగింజన్లని వేల కొద్దీ తుక్కు చేసి, 1968 ఆగస్టుకల్లా మెయిన్ లైన్లలో పూర్తిగా తీసేశారు, వాటి మీద ప్రేమున్నవాళ్లకి డీజిల్ అంటే కడుపుమంట. నాన్నకి ఆ మంట లేదు. "బొగ్గెత్తినవాడిని అడుగు ఏది మంచిదో. మే నెలలో, బెజవాడ ఎండలో, ముందు ఫైర్‌బాక్సు, వెనక బొగ్గు మోసే టెండరు. డీజిలెక్కిన రోజు మీ అమ్మ కొబ్బరికాయ కొట్టింది" అన్నాడు. ఎవరి జ్ఞాపకాల్లోంచి ఎవరు విలనవుతారో కథ రాసేవాడి మీద ఉంటుంది, బొగ్గెత్తినవాడు కథ రాయలేదు.

తర్వాత అసలుది. "డ్రైవరేడిరా?"

కేబిన్ అద్దం నల్లగా పెట్టాం. మనిషిని పెడితే జుట్టు చేయాలి, బట్టల ముడతలు చేయాలి, వేళ్లు కదపాలి, ఇంజనుకైతే మొహమొక్కటి కదిపితే చాలు. డబ్బు సంగతి. ఇంకోటి, లోపల డ్రైవరు కనిపిస్తే ఇంజను సొంతంగా తీసుకున్న నిర్ణయానికి విలువుండదు. ఇదంతా చెప్పా. నాన్న విన్నాడు, అర్థమైందనే అన్నాడు, కానీ మొహం అదోలా పెట్టాడు.

క్లైమాక్స్‌లో ముందు బ్రిడ్జి కూలిందని తెలిసి, పక్క లైన్లో వచ్చే బండిని ఆపడానికి మా హీరో రెడ్ సిగ్నల్ దాటేసి పరుగెడుతుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాన్న చెయ్యి తెలియకుండానే టీవీ వైపు లేచింది. ఆయనకి అలవాటు, కేబిన్లో సిగ్నల్ కనిపించగానే చెయ్యి చూపించి పైకి చెప్పాలి, అసిస్టెంటు మళ్లీ చెప్పాలి. "రెడ్డు దాటితే ఉద్యోగం పోద్ది. దానికి చప్పట్లేంటి?" మరి నిజంగా అయితే ఏం చేస్తారు నాన్నా అంటే చెప్పాడు. బండి ఆపి ఫ్లాషర్ లైటేస్తారు. అసిస్టెంటు ఎర్ర జెండా, రాత్రయితే ఎర్ర దీపం, డిటొనేటర్లు పట్టుకుని ఎదురొచ్చే బండి వైపు పరుగెత్తాలి. 600 మీటర్ల దగ్గర పట్టా మీద ఒకటి, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల దూరంలో మూడు. చక్రం ఎక్కితే ఢామ్మని పేలతాయి, ఎదుటి డ్రైవరు బ్రేకేస్తాడు. కంకర మీద, చీకట్లో, బరువు మోసుకుంటూ 1200 మీటర్లు. నడిచి చూడు తెలుస్తుంది అన్నాడు.

మా సినిమా మొత్తంలో అంత టెన్షన్ ఉన్న సీను లేదు. ఆ రాత్రే కూర్చుని బొమ్మలు గీశా, కంకర మీద తూలే బూట్లు, ఊగే దీపం, ముందెక్కడో పట్టాల మీద సన్నగా మొదలైన వెలుగు. రెండో భాగానికి పిలుపొచ్చి మళ్లీ వాంకూవర్ వెళ్లాక చూపించా. బాగుందన్నారు, కుదరదన్నారు. పిల్లల సినిమాలో మనిషి పట్టాల మీద పరుగెత్తడం చూపించకూడదు, చూసి చేస్తారని భయం, పేలేది అసలే చూపించకూడదు. ఆ మాటకి ఎదురు చెప్పలేం, మన ఊళ్లోనే గేటు పడ్డాక కింద నుంచి దూరేవాళ్లు ఎంతమంది. కానీ ఇంజను రెడ్డు దాటడం మాత్రం ఉంచారు, ఇంజన్ని చూసి ఎవరూ నేర్చుకోరట.

నాన్న ఇంకోటి పట్టుకున్నాడు. మా సినిమాలో గ్రీన్ తర్వాత నేరుగా రెడ్డొస్తుంది. మెయిన్ లైన్లో అలా రాదు, ముందు డబుల్ ఎల్లో, తర్వాత ఎల్లో, అప్పుడు రెడ్డు, డ్రైవరుకి బండి అదుపులోకి తెచ్చుకునే దూరం ఉండాలి కదా. ఇది మెయిల్ పెట్టా. రెండు స్తంభాలు, మూడు లైట్లు, ఖర్చు పెద్దగా లేదు కాబట్టి ఒప్పుకున్నారు. రెండో భాగంలో డబుల్ ఎల్లో ఉంటుంది. కేబిన్ అద్దం మాత్రం ఇంకా నల్లగానే ఉంది.