సంపులో సెంట్రింగ్ ఇప్పే రోజు

2023 మే 18, గురువారం. తణుకు.

ఆరున్నరకే ఎండ మొహం మీద కొడుతోంది. టిఫిను క్యారేజీ పట్టుకుని బయల్దేరుతుంటే అమ్మ అంది, "బడికంటే కట్టుబడికే పెందలాడే పోతున్నావే" అని. నిజమే. వేసవి సెలవులు మొదలైనప్పట్నించీ నా హాజరు పట్టీ అక్కడే.

మా కొత్తింటి గోడలు లింటెల్ దాకా వచ్చాయి. ఇవాళ పెద్ద పనేమీ లేదు, మేస్త్రి గారూ ఇంకో ముగ్గురూ. ఇటుకల లారీ పదింటికన్నది పన్నెండున్నరకు వచ్చింది. ఈలోగా ఖాళీగా కూర్చోవడం ఎందుకని మేస్త్రి గారు సంపులో సెంట్రింగ్, అంటే మూత శ్లాబు కింద ఆనించిన చెక్కలూ కర్రలూ, ఇప్పించేద్దామన్నారు. ఆ శ్లాబు ఏప్రిల్ 26న వేశారు. 22 రోజులయింది కాబట్టి ఇప్పడానికి తొందరేమీ కాలేదు. నేనూ సరేనన్నాను. సరేనన్నది నేనే, ఇది రాసి పెట్టుకోవాలి.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుర్రాడు చొక్కా విప్పి, గునపం పట్టుకుని, మూత మీద రేకు పక్కకి లాగాడు. రెండడుగుల చదరం కన్నం. లోపల్నించి తడి చెక్క ముక్కిన వాసన ఒక్కసారి పైకి వచ్చింది. వాడు అప్పటికే ఒక కాలు లోపల పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. జిల్లా పేజీలో ఇలాంటి వార్త ఎన్నిసార్లు చదివానో. కొత్తిల్లు, కొత్త సంపు, చెక్కలు తీయడానికి ఒకడు దిగాడు, పలకలేదు, వాణ్ణి తీయడానికి ఇంకొకడు దిగాడు. చదివి, అయ్యో అనుకుని, పేజీ తిప్పేసేదాన్ని.

"బాబూ, ఆగు, పైకి రా" అని అరిచాను. తరగతి గదిలో కూడా అంత గట్టిగా అరవను.

"ఏటీ కాదులెండమ్మా, ఇలాటివి శానా దిగినాను" అన్నాడు నవ్వుతూ. మేస్త్రి గారికి మాత్రం కొంచెం కోపం వచ్చింది. "అయిదడుగుల లోతు టీచర్ గారండీ. నిలబడితే తల పైకొచ్చేస్తుంది. ఇందులో ఎవరు పోతారండీ?"

అక్కడే ఉంది మెలిక. మా సంపు 8 అడుగుల పొడవు, 6 వెడల్పు, 5 లోతు. మా వైపు కాస్త తవ్వితే నీరు ఊరుతుంది కాబట్టి అంతకంటే లోతుకి వెళ్ళలేదు. కానీ సర్వి కర్రలు కొట్టేటప్పుడు ఎవరూ కన్నం కింద నిటారుగా నిలబడరు. వంగుతారు, మూలకి పాకుతారు, తల అడుగుకి చేరుతుంది. మూడు వారాలుగా క్యూరింగ్ నీళ్ళలో నానిన చెక్క లోపల కుళ్ళడం మొదలెట్టి ఉంటుంది. ఆ కుళ్ళు లోపలి ఆక్సిజన్ తినేసి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. అది గాలికన్నా బరువు, అడుక్కి చేరుతుంది. రంగూ వాసనా ఉండవు. మేడ మీద శ్లాబుకి అన్ని వైపులా గాలి ఆడుతుంది కాబట్టి ఆ గొడవ లేదు. ఇది మూసిన పెట్టె.

"దీపం దింపి చూద్దాం లెండి. వెలిగితే గాలున్నట్టే కదా" అన్నారు మేస్త్రి గారు. పాత పద్ధతే, బావుల్లో పూడిక తీసేవాళ్ళు అలాగే చూసేవారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏటా పిల్లల ముందు కొవ్వొత్తి మీద గాజు గ్లాసు బోర్లించేది నేనే కదా. కొవ్వొత్తి ఆరిపోయేసరికి గ్లాసులో ఆక్సిజన్ మొత్తం అయిపోదు, దాదాపు 16 శాతం దగ్గరే ఆరిపోతుంది. మామూలు గాలిలో 21. మనిషి పనిచేసే చోట 19.5 కంటే తగ్గితేనే ప్రమాదం కింద లెక్క. అంటే దీపం వెలుగుతున్నా లోపల మనిషి బాగుంటాడని పూచీ లేదు. పైగా లోపల మండే వాయువేదైనా ఉంటే ఆ దీపమే కొంప ముంచుతుంది. ఇదంతా నల్లబల్ల ముందు చెప్పినట్టు చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని విన్నారు, కుర్రాడు బీడీ ముట్టించుకున్నాడు.

ఇవాళ మూత తీసి ఉంచుదాం, పైనుంచి బక్కెట్టుతో నీళ్ళు తోడేద్దాం, రేపు బ్లోవరు అద్దెకి తెచ్చి గొట్టం అడుగుదాకా దింపి, బాగా గాలి కొట్టించాక దిగుదురుగాని అన్నాను. పనిచేసినంతసేపూ బ్లోవరు ఆడుతూనే ఉండాలని కూడా.

"మరి ఇవాళ పూట కూలి ఎవరిదండీ?" అన్నారు. నాదేనన్నాను. కాసేపాగి, నన్ను చూడకుండా ఇసుక వైపు చూస్తూ అన్నారు: "అగ్రిమెంటు రోజున ఇవన్నీ కలిపే చెప్పానండి. మీరే కొట్టేశారు."

నిజంగానే కొట్టేశాను. చదరపు అడుక్కి 320 అన్నారు, 300కి తెగ్గొట్టాను. 1,150 అడుగులకి 23,000 మిగిలిందని ఆ రాత్రి మా ఆయనకి విశాఖకి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను. లేబర్ కాంట్రాక్టు ఇచ్చేశాం, మనుషుల సంగతి మేస్త్రి చూసుకుంటాడని నా లెక్క. ఓనరమ్మ బేరమాడింది, టోపీలూ బెల్టులూ ఆ బేరంలో పోయాయని మేస్త్రి గారి లెక్క. దిగేవాడికి ఈ రెండు లెక్కలూ తెలియవు.

మధ్యాహ్నం వేపచెట్టు కింద కూర్చుని ప్లాను కాగితాల కవరు తీశాను. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టాల కింద ఒక శాతం సెస్సు కట్టిన రసీదు అందులో ఉంది. అంచనా 24 లక్షలు, సెస్సు 24,000. సొంతిల్లు 10 లక్షలు దాటకపోతే ఆ చట్టాల్లో మినహాయింపు ఉంది, మనది దాటింది. ఏడాదిలో ఏ ఒక్క రోజైనా పదిమంది పనిచేస్తే వర్తిస్తుందట. పునాది కాంక్రీటు రోజున మిల్లరు వాళ్ళతో కలిపి పద్నాలుగు మందికి నేనే మజ్జిగ పోశాను. తప్పించుకోవడానికి సందు వెతుకుతున్నానని అప్పుడు తెలిసింది నాకు.

ఆ సెస్సు డబ్బుతో నడిచే సంక్షేమ బోర్డు కార్డు ఉందా అని కుర్రాణ్ణి అడిగాను. లేదు. 18 నిండి, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉంటే చాలు. "ఆ కాయితాలకి ఊరెళ్ళాలమ్మా, రెండ్రోజుల కూలి పోతాది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో చిక్కు సాయంత్రం వచ్చింది. ఇటుకలు మోసే ఆవిడ కూతురికి మూడేళ్ళుంటాయి, మధ్యాహ్నమంతా ఇసుక గుట్ట మీద ఆడుతూనే ఉంది. సంపు మూత తీసి ఉంచాలన్నది నేనే. అది కాస్తా పాప వెళ్ళి తొంగి చూసే గొయ్యి అయి కూర్చుంది. వెల్డింగ్ అతను కొలత తప్పి చేసిన కిటికీ గ్రిల్లు ఒకటి గోడకి ఆనించి ఉంది, పదిహేను రోజులుగా తిట్టుకుంటున్నాను దాన్ని చూసి. అది కన్నం మీద పరిపించి నాలుగు మూలలా రెండేసి సిమెంటు దిమ్మలు పెట్టించాను. గాలి పోతుంది, పాప పడదు. వెల్డింగ్ అతనికి చెప్పకూడదు ఈ మాట.

రాత్రి మా ఆయన ఫోన్ చేశారు. "ఒక పూట పని ఆపేశావా? శ్లాబుకి వానలొచ్చేస్తాయి" అన్నారు ముందు. సంగతి చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కుర్రాడి నడుముకి తాడు కట్టించు, పైన ఇద్దరు పట్టుకోవాలి. ఏమైనా అయితే లాగడమే, ఎవరూ దిగకూడదు" అన్నారు. అది నాకు తట్టలేదు.

రేపు ఏడింటికి బ్లోవరు తెస్తామన్నారు, అద్దె 400. మన ఎక్స్‌టెన్షన్ వైరుకి మధ్యలో రెండు చోట్ల టేపు చుట్టి ఉంది, తడిలో పెట్టేది కాదు, కొత్తది కొనాలి. తాడు కూడా. అమ్మ వాళ్ళ బావి తాడు పెరట్లో వేలాడుతోంది గానీ, దానికీ నాకూ ఇంచుమించు ఒకటే వయసు.