ప్రకటనలో 755, నా రివాల్వర్‌లో ఎంత?

తూటా .38 స్పెషల్, 158 గ్రెయిన్ల సీసపు గుండు. అంటే దాదాపు 10 గ్రాములు. ప్రకటనలో వేగం సెకనుకు 755 అడుగులు అని ఉంది. డాలస్‌లో నేను కొనే షాపులో, "నాది రెండంగుళాల బ్యారెల్, ఇందులోనూ అంతే వస్తుందా?" అని అడిగాను. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, కంపెనీ చెప్పిందంటే అంతే అన్నాడు. సరే, కొలిచే చూద్దామనుకున్నాను.

గుండు వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ ఒక మిత్రుడు ఇచ్చాడు. రేంజ్‌లో (తుపాకీ కాల్చే మైదానంలో) బెంచి బుక్ చేసుకోవడం ఫోన్‌లోనే అయిపోయింది.

నా పరువు పోయింది రేంజ్‌లోనే. ఈ క్రోనోగ్రాఫ్‌లో రెండు సెన్సర్లుంటాయి. గుండు ఒకదాని మీదుగా రెండోదాని మీదికి వెళ్లే సమయాన్ని బట్టి వేగం లెక్కకడుతుంది. తుపాకీ పేలుడు గాలి తగిలితే తప్పు చూపిస్తుంది కాబట్టి పది అడుగులైనా ముందుకు పెట్టాలి. అక్కడికి వెళ్లాలంటే రేంజ్ మొత్తం కాల్పులు ఆపాలి. అందరూ తుపాకులు ఖాళీ చేసి, బెంచి మీద పెట్టి, గీత వెనక్కి వచ్చి నిలబడాలి. అంతా నా కోసం!

పెట్టి వచ్చాను, కాల్చాను. తెర మీద ‘ఎర్రర్’. మళ్లీ కాల్చాను, అదే ఎర్రర్. మళ్లీ అందర్నీ ఆపించి, ముందుకెళ్లి సర్ది వచ్చినా అంతే. రేంజ్ ఆఫీసర్ మైకులో, "ఈయన సైన్సు ప్రయోగం అయ్యేదాకా ఓపిక పట్టండి" అన్నాడు. పక్క బెంచీల వాళ్లు పగలబడి నవ్వారు. నియమాలు చెప్పడం ఆయన ఉద్యోగమే, కాదనను. డబ్బు కట్టి వచ్చినవాణ్ని మైకులో వెక్కిరించడం మాత్రం ఏ రూల్‌బుక్‌లోనూ ఉండదు.

చివరికి పక్క బెంచి పెద్దాయన ఆకాశం వైపు చూపించాడు. ఒక్క మబ్బు లేదు. ఆ ఎండలో గుండు నీడ సెన్సర్లకు ఆనదట. వాటి పైన తెల్లటి ప్లాస్టిక్ తెరలుండాలట. వాటిని మా మిత్రుడు ఇంట్లోనే ఉంచేసుకున్నాడు! పెద్దాయన తన ట్రక్కులోంచి ఖాళీ పాల డబ్బా తెచ్చి, కత్తితో కోసి, టేపుతో అంటించాడు. అంతే, అంకెలు రావడం మొదలైంది.

వచ్చిన అంకెలేమో ఒకటి 700 దగ్గర, ఇంకొకటి 615 దగ్గర. ఒకే డబ్బాలోని తూటాలు, ఒకే రివాల్వర్. యంత్రం చెడిపోయిందనుకుంటే, అదీ పెద్దాయనే విప్పి చెప్పాడు. .38 స్పెషల్ గుల్ల (మందు పోసే ఇత్తడి గొట్టం) పొడవాటిది, పాతకాలపు నల్ల తుపాకీమందు రోజుల నాటిది, 1890ల చివరిది. నేటి పొగలేని మందు అందులో కొంచెమే పోస్తారు, మిగతాది ఖాళీ. బ్యారెల్ పైకెత్తి మెల్లగా దించి కాలిస్తే మందు వెనక, దాన్ని అంటించే ప్రైమర్ దగ్గర ఉంటుంది, వేగం ఎక్కువ. కిందికి వంచి తెచ్చి కాలిస్తే మందు గుండు వైపు జారిపోతుంది, వేగం తక్కువ. రెండు రకాలుగానూ కాల్చి రాసుకున్నాను: సగటు ఒకటి 690, ఇంకొకటి 620. ప్రకటన అంకె రెంటికీ పైనే. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 755తో పోలిస్తే 620 దగ్గర గుండు శక్తి మూడో వంతు పోయినట్టు.

నాలుగంగుళాల బ్యారెల్ ఉన్న .357 మాగ్నమ్ రివాల్వర్ కూడా కొలిచాను. అదే బరువు గుండు, ప్రకటనలో 1,240, నాకు 1,190 వచ్చింది. ఎటు వంచినా పెద్ద తేడా లేదు, ఎందుకంటే గుల్ల దాదాపు మందుతో నిండి ఉంటుంది.

అలాగని కంపెనీలు అబద్ధం చెబుతున్నాయనను. బ్యారెల్ పొట్టిదైతే వేగం తగ్గుతుంది. వాళ్లు కొలిచేది నాలుగంగుళాల టెస్ట్ బ్యారెల్‌లో. రివాల్వర్‌లో తూటాలుండే సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య గాలి పోయే సందును కూడా అందులో పెడతారు. ఇదివరకు ఆ మర్యాదా ఉండేది కాదు. ఎనిమిదంగుళాలు దాటిన బ్యారెల్‌తో కొలిచి .357కి 1,500 పైమాట ప్రకటించిన రోజులున్నాయి. నా కోపమంతా బ్యారెల్ పొడవును కేటలాగులో చీమతలంత అక్షరాల్లో దాచడం మీదే. అది రాయని తూటాలు కొనకండి. క్రోనోగ్రాఫ్ అరువు తెచ్చుకుంటే తెరలు కూడా అడిగి తెచ్చుకోండి, రద్దీ లేని రోజు చూసి వెళ్లండి.

అంకెల కాగితం తీసుకెళ్లి షాపు కుర్రాడికి చూపించాను. మెషిన్ తప్పుండొచ్చు అన్నాడు. అతని దగ్గర ఇక కొనను.