తెర ఒకటే

అక్క కూతురు కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో చదువుతోంది. నిన్న వీడియో కాల్‌లో తన పాఠాలు చూపించింది. రెండు కాలేజీల్లో సబ్జెక్టులు తీసుకుందట, తెర మాత్రం ఒకటే: పాఠాలు, అసైన్‌మెంట్లు, పరీక్షలు అన్నీ ఒకేచోట ఉండే కాన్వాస్ అనే ఆన్‌లైన్ వేదిక. అక్కడి కమ్యూనిటీ కాలేజీల ఉమ్మడి వ్యవస్థ 2015లో దాన్ని ఎంచుకుంది.

నాకు గాజువాకలో నా డిగ్రీ పిల్లలు గుర్తొచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో నోట్స్ వాట్సాప్‌లో, అసైన్‌మెంట్లు మెయిల్‌లో, పరీక్ష ఇంకేదో యాప్‌లో. అనకాపల్లి అమ్మాయి ఒకతె, "ఏది ఎక్కడ పెట్టాలో తెలీక టెన్షన్‌గా ఉంది మేడమ్" అని ఏడ్చేసింది. నాన్న డ్యూటీ దిగి ఇంటికొస్తేనే ఆమెకు ఫోను. ఆ కాసేపూ పాస్‌వర్డులు వెతుక్కోవడానికే సరిపోయేది. ఆ గొంతు ఇంకా మర్చిపోలేదు.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం'లో మంచి కోర్సులున్నాయి, కానీ మా రోజువారీ క్లాసు అందులో లేదు. కాన్వాస్ లాంటిదే మూడిల్ అనే సాఫ్ట్‌వేర్, దానికి లైసెన్సు ఖర్చు లేదు. చుట్టుపక్కల నాలుగు కాలేజీలు కలిసి సర్వర్ ఖర్చు పంచుకోవచ్చు కదా? సోమవారం ప్రిన్సిపాల్ గారిని అడుగుతాను.